గోదావరి డెల్టాలో దొరల కాలపు సర్కారు భూముల అమ్మకాలు, తగాదాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

తాతగారి పెట్టెలో "సర్కారు వేలంలో పాడుకున్నది" అని రాసిన కాగితం ఉంటుంది. రెవెన్యూ రికార్డులో అదే నేల ఎదురుగా "పోరంబోకు" అనో, "గవర్నమెంటు లంక" అనో, ఉత్త చుక్కలో ఉంటాయి. రెండూ నిజమైన కాగితాలే. ఇవి ఒకదానికొకటి ఎందుకు పొసగవో తెలియాలంటే కంపెనీ రోజుల నుంచి సర్కారు తన భూమిని ఎలా అమ్మిందో, ఆ అమ్మకాల మీద ఎవరెవరు తగువు పడ్డారో తెలియాలి. మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు కింద ఇస్తున్నాం.

"సర్కారు అమ్మింది" అంటే అసలు ఏమి అమ్మినట్టు?

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది ఇదే. డెల్టాలో జరిగే తగాదాల్లో చాలా భాగం ఇది తేల్చకపోవడం వల్లే పుడతాయి. ఊళ్లో అందరూ "వేలం" అనే ఒక్క మాటే వాడతారు. ఆ మాట కింద కనీసం నాలుగు వేర్వేరు సరుకులు ఉన్నాయి.

మొదటిది, శిస్తు వసూలు చేసుకునే హక్కుతో సహా ఎస్టేటును అమ్మడం. 1802 తర్వాత ముఠాలు అనే ఎస్టేట్లను ఇలాగే అమ్మారు. రెండోది, బంజరును సాగు చేసుకునే హక్కుతో పట్టాకివ్వడం. ఇందులో కొన్నిసార్లు ధర కట్టించుకున్నారు, కొన్నిసార్లు శిస్తు ఒప్పుకుంటే చాలన్నారు. మూడోది, శిస్తు బాకీ పడ్డ రైతు భూమిని వేలం వేయడం. అక్కడ అమ్ముడుపోయింది సర్కారు భూమి కాదు, బాకీదారుది. నాలుగోది, లంకనో చెరువు గర్భాన్నో గడ్డినో కొన్ని ఫసలీలకు, అంటే జూలై నుంచి జూన్ దాకా లెక్కించే రెవెన్యూ ఏళ్లకు, కౌలుకు పాడటం. గడువు తీరితే పాటదారుకు ఏమీ మిగలదు.

పెట్టెలోని కాగితం ఈ నాలుగింటిలో ఏదో తేలకుండా లాయరు దగ్గరికి వెళ్లడం తొందరపాటు.

1802లో అమ్మిన "హవేలీ" భూములు ఏవి?

నవాబుల కాలంలో జమీందార్ల చేతికి పోకుండా సర్కారు నేరుగా ఏలుకున్న భూములను హవేలీ అనేవారు. రాజమండ్రి, మచిలీపట్నం చుట్టుపట్ల ఇవి బాగా ఉండేవి. 1802 నాటి 25వ రెగ్యులేషన్‌తో మద్రాసు ప్రెసిడెన్సీకి శాశ్వత సెటిల్‌మెంటు వచ్చింది. అప్పుడు పాత జమీందార్లకు సనదులు, అంటే హక్కు పత్రాలు ఇచ్చి, ఏటా కట్టవలసిన పేష్కషు ఖాయం చేశారు. హవేలీకి జమీందారు లేడు కాబట్టి ఆ భూమిని ముక్కలు చేసి ముఠాలుగా కట్టారు. ఒక్కో ముఠా మీద ఏటా 1,000 నుంచి 5,000 స్టార్ వరహాల జమ వచ్చేలా హద్దులు గీసి, బహిరంగ వేలంలో హెచ్చు పాటగాడికి ఇచ్చారు. స్టార్ వరహా అంటే మూడున్నర రూపాయలు. అంటే ఏడాదికి 3,500 నుంచి 17,500 రూపాయలు సర్కారుకు కట్టవలసిన ఎస్టేటు అన్నమాట.

సనదులో చేరనివి కూడా ఉన్నాయి. ఉప్పు, పెట్లుప్పు, సరుకుల మీద వేసే సాయిరు సుంకాలు, కల్లు సారాల మీది ఆబ్కారీ, అప్పటికే శిస్తు లేకుండా చెల్లుతున్న మాన్యాలు సర్కారు తన దగ్గరే ఉంచుకుంది. సముద్రతీరపు ఊరు మొత్తం ముఠాదారుదైనా అందులోని ఉప్పు మడుల ఆదాయం అతనిది కాకపోవడానికి కారణం ఇదే.

ఆ ముఠాలు ఎందుకు నిలవలేదు?

పాట మోజులో చాలామంది భూమి ఇవ్వగలిగిన దానికి మించి ఒప్పుకున్నారు. జమ మాత్రం శాశ్వతం. వరద వచ్చినా, వాన లేకపోయినా, ధాన్యం ధర పడిపోయినా అది తగ్గదు. అప్పటికి ఆనకట్ట లేదు. గోదావరి నిండుగా పారి సముద్రంలో కలుస్తుంటే పక్క పొలం ఎండిపోయేది. కిస్తీ తప్పితే ఎస్టేటు మళ్లీ వేలానికి వచ్చేది. రెండోసారి పాడేవాడు దొరకక సర్కారే నామమాత్రపు ధరకు కొనుక్కుని, నేరుగా శిస్తు వసూలు చేసుకునే అమానీ కింద పెట్టుకున్న ఎస్టేట్లు ఉన్నాయి. తాను అమ్మిన భూమిని సర్కారే మళ్లీ కొనుక్కోవలసి వచ్చింది.

ఆ మధ్య నందన నామ సంవత్సరంలో కరువు వచ్చి జనాన్ని తుడిచిపెట్టింది. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7,38,308 ఉండగా 1841 నాటికి 5,61,041కి పడిపోయింది. 1844లో సర్కారు అధికారి హెన్రీ మాంట్‌గోమరీ జిల్లా దుస్థితి మీద ఇచ్చిన నివేదిక తర్వాతే ఆర్థర్ కాటన్ ఆనకట్ట ప్రతిపాదనకు బలం వచ్చింది. ధవళేశ్వరం పని 1847లో మొదలై 1852లో ముగిసింది.

రికార్డు వెతికేవారికి దీనివల్ల ఒక చిక్కుంది. ఒకే ఊరు ముఠాగా అమ్ముడై, బాకీకి తిరిగి సర్కారుకు వచ్చి, ఆ తర్వాత రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీలోకి మారి ఉండవచ్చు. 1802 నాటి సనదు దొరికినంత మాత్రాన హక్కు 1862లో కూడా బతికే ఉందని అనుకోకండి.

1861లో బంజరు అమ్మకాల మీద కలకత్తాకూ లండన్‌కూ వచ్చిన గొడవ ఏమిటి?

వలస సర్కారులో పైవాళ్లే బాహాటంగా పోట్లాడుకున్న సందర్భం ఇది. 1861 అక్టోబరులో గవర్నర్ జనరల్ కానింగ్ దేశమంతటికీ బంజరు అమ్మకాల నిబంధనలు ప్రకటించాడు. చెట్టూ చేమా ఉన్న బంజరు ఎకరం రెండున్నర రూపాయలకు, బాగు చేసిన నేల ఐదు రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలన్నాడు. ఒక్కరికి 3,000 ఎకరాల దాకా ఇవ్వవచ్చు. కొన్నవాడికి పూర్తి సొత్తు, ఇకమీదట శిస్తు ఉండదు. అప్పటికే శిస్తు ఉన్న భూమికి ఇరవై ఏళ్ల శిస్తు ఒక్కసారి కట్టి శిస్తు నుంచి విడిపించుకునే వీలు కూడా పెట్టాడు. తేయాకు, కాఫీ, పత్తి తోటలకు తెల్లదొరల పెట్టుబడి రావాలన్నది అతని ఉద్దేశం.

లండన్‌లో సెక్రటరీ ఆఫ్ స్టేట్ చార్లెస్ వుడ్‌కు ఇది నచ్చలేదు. సర్వే లేకుండా, అది ఎవరి భూమో తేల్చకుండా, నిర్ణీత ధరకు అడిగినవాడికల్లా ఇస్తే ఖజానాకూ ఊరి జనానికీ నష్టమే అన్నాడు. ముందు సర్వే జరగాలి, ఆ తర్వాత కనీస ధర పెట్టి వేలం వేయాలి అని 1862 జూలైలో ఉత్తర్వు పంపాడు. భూమి కొందామని కాచుక్కూర్చున్న తోటల దొరలు గగ్గోలు పెట్టారు. చివరికి వుడ్ మాటే నెగ్గింది.

మా అభిప్రాయంలో ఈ ఒక్క విషయంలో వుడ్‌దే సరైన దారి. డెల్టాలో "ఎవరిదీ కాని బంజరు" అనేది కాగితం మీదే ఉండేది. నిజానికి అది మంద మేసే బయలు, రెల్లు కోసుకునే దిబ్బ, శవాన్ని తీసుకెళ్లే దారి.

అమ్మే ముందు "ఇది మాది" అనడానికి ఊరివాళ్లకు అవకాశం ఉండేదా?

ఉండేది. 1863 నాటి 23వ చట్టం అందుకోసం వచ్చిందే. అమ్మదలచిన బంజరును ముందుగా ప్రకటించాలి. అభ్యంతరాలకు ఇచ్చే గడువు మూడు నెలలకు తగ్గకూడదు. ఎవరైనా హక్కు చెబితే కలెక్టరు విచారించి తేల్చాలి. ఆయన తోసిపుచ్చితే ఆ చట్టం కిందే పెట్టిన కోర్టుకు పోవచ్చు.

ఎక్కడ దెబ్బ తినేవారంటే, ప్రకటన కచేరీ గోడ మీద అంటించి ఉండేది. చదువు రాని రైతుకు అది చేరేది దండోరా వల్లే. దండోరా వేయించవలసింది ఊరి కరణం, మునసబు. ఆ భూమి మీద వాళ్లకే కన్ను ఉంటే దండోరా మాలపల్లె దాకా వెళ్లేది కాదు. గడువు దాటాక వచ్చిన అభ్యంతరాన్ని పట్టించుకునేవారు కాదు.

మన వైపు ఎక్కువగా జరిగింది వేలమా, దరఖాస్తా?

రైత్వారీ ఊళ్లలో దరఖాస్తే మామూలు దారి. సాగు చేసుకుంటాను, శిస్తు కడతాను అని అర్జీ పెట్టుకుంటే బంజరును పట్టాకిచ్చేవారు. రెవెన్యూ బోర్డు స్టాండింగ్ ఆర్డర్లలో 15వది దీనికి సంబంధించినదే. ఇప్పటికీ తహశీల్దారు కార్యాలయంలో "బీఎస్‌ఓ 15" అంటే అందరికీ తెలుసు. వరస ఇలా ఉండేది: అర్జీ, కరణం పటం వేసి ఇచ్చే రిపోర్టు, ఊళ్లో ఏ-1 నోటీసు, 15 రోజుల్లో అభ్యంతరాలు, తహశీల్దారు ఉత్తర్వు, డి-ఫారం పట్టా.

ఆనకట్ట నీళ్లు వచ్చాక ఇక్కడే పేచీ మొదలైంది. కాలువ కింద పడ్డ నేల బంగారమైంది. అంత ధర పలికే భూమిని ఉత్త శిస్తు మీద ఇవ్వడమేమిటి, వేలం వేస్తే ఖజానాకు సొమ్ము వస్తుంది కదా అన్నది ఒక వాదం. వేలం వేస్తే డబ్బున్న షావుకారు పాడుకుంటాడు, ఏళ్ల తరబడి దాన్ని దున్నుకుంటున్న కూలీ రోడ్డున పడతాడు అన్నది రెండోది. దరఖాస్తులోనూ అన్యాయం లేకపోలేదు. పక్క పొలం ఆసామి ముందు అర్జీ పెడితే, నాలుగేళ్లుగా అక్కడ జొన్న వేసుకుంటున్నవాడి పేరు రిపోర్టులోకే ఎక్కేది కాదు.

శిస్తు బాకీ వేలంలో కొన్నది గట్టి హక్కేనా?

నాలుగింటిలో ఇదే గట్టిది, కాగితం సరిగ్గా ఉంటే. 1864 నాటి రెండవ చట్టం, అంటే రెవెన్యూ రికవరీ చట్టం కింద జరిగిన వేలానికి ఒక క్రమం ఉంది. వేలానికి కనీసం నెల ముందు ఇంగ్లీషులోనూ జిల్లా భాషలోనూ నోటీసు వేయాలి. కలెక్టరు కచేరీలో, తాలూకా కచేరీలో, ఆ భూమి మీద కూడా అంటించాలి. పాట కొట్టేసిన రోజే నూటికి 15 చొప్పున కట్టాలి. 400 రూపాయల పాట అయితే అక్కడికక్కడ 60 రూపాయలు. మిగతాది 30 రోజుల్లో కట్టకపోతే ఆ 60 కూడా పోయి మళ్లీ వేలం వేస్తారు. నోటీసులో లోపమో మోసమో జరిగిందని వేలం రద్దు కోరాలంటే గడువు 30 రోజులే. ఆ తర్వాత సేల్ సర్టిఫికెట్ ఇస్తారు.

ఇలా కొన్న భూమి పాత తాకట్టులూ అప్పులూ అంటకుండా వస్తుంది. అందుకే బాకీదారు కావాలని శిస్తు ఎగ్గొట్టి, తన బంధువు చేత పాడించి, అప్పిచ్చినవాడికి నామం పెట్టడం ఒక ఎత్తుగడగా ఉండేది. ఈ రకం వేలాల మీద వచ్చిన దావాల్లో మొదట చూడవలసింది పాటదారుకూ బాకీదారుకూ చుట్టరికం ఉందా అన్నదే.

లంక భూముల సంగతి ఎందుకింత చిక్కు?

లంక ఏటేటా కదులుతుంది కాబట్టి.

ఆషాఢ శ్రావణాల్లో వరద వస్తుంది. ప్రవాహం మందగించిన చోట మొదట ఇసుక మేట పడుతుంది. దాని మీద రెల్లు మొలుస్తుంది. మరుసటి వరదకు ఆ రెల్లు వేళ్లలో ఒండ్రు చిక్కుకుంటుంది. నాలుగైదు వరదలకు పైన జానెడు నల్ల ఒండ్రు నిలిచి పొగాకుకూ మిర్చికీ పనికొచ్చే నేల అవుతుంది. లంక పొగాకుకు పేరొచ్చింది ఈ ఒండ్రు వల్లే. అదే వరద ఎదురుగట్టున ఎకరాలకు ఎకరాలు కోసుకుపోతుంది. కోత పడ్డ రైతు, మేట పడ్డ చోటు చూపించి "నా భూమే అటు వెళ్లింది" అంటాడు. ఆ బాధ నిజమే. చట్టం మాత్రం అలా చూడదు.

బెంగాలులో మేటల, కోతల కోసం 1825లో విడిగా ఒక రెగ్యులేషన్ ఉంది. మద్రాసుకు అది వర్తించదు. అందుకని ఇక్కడ కోర్టులు సాధారణ న్యాయసూత్రం మీద నడిచాయి. ఒడ్డు భూమికి కంటికి తెలియనంత నెమ్మదిగా కలిసిన నేల ఒడ్డువాడిది. ఏటి మధ్యలో విడిగా లేచిన దిబ్బ ఒడ్డువాడిది కాదు, ఏటి గర్భం ఎవరిదో వారిది. ఏటి గర్భం సర్కారుదని 1905 నాటి భూ ఆక్రమణ చట్టం రెండవ సెక్షన్ చెబుతుంది, జమీందారుకో ఇనాందారుకో పట్టాదారుకో విడిగా హక్కు ఉన్నచోట తప్ప. ఆ "తప్ప" మీదే జమీందార్లు దశాబ్దాలు పోరాడారు. సనదులో హద్దు "ఏరు" అని రాస్తే ఏటి ఒడ్డా, నడి ఏరా?

సర్కారు లంకలను చాలావరకు వేలంలో కౌలుకిచ్చేది, ఎక్కువగా మూడు ఫసలీలకు. తాత పాడుకున్నాడు, నాన్న పాడుకున్నాడు, నేనూ పాడుకున్నాను అంటే మూడు తరాల సాగు రుజువవుతుంది. దానితోపాటే మూడు తరాలూ సర్కారును యజమానిగా ఒప్పుకున్నట్టు కూడా రుజువవుతుంది. పాట రశీదులు కట్టగట్టి కోర్టులో వేసేవాళ్లు ఈ రెండో సంగతి మరిచిపోతారు.

సముద్రంలో లేచిన లంకల కేసు అంటారు, అదేమిటి?

గోదావరి సముద్రంలో కలిసే చోట, తీరానికి మూడు మైళ్ల లోపు లేచిన లంకలవి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కింద సర్కారు వాటిని రిజర్వు చేయబోయింది. చెలికాని రామారావు తదితరులు అవి తమవన్నారు. వివాదం లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి 1916లో సర్కారు పక్షాన తేలింది. తీరానికి దగ్గరగా సముద్రంలో లేచిన నేల సర్కారుదే, అనుభవం మీద హక్కు చెప్పుకునేవాడు ఆ రోజుల్లో ఉన్న 60 ఏళ్ల గడువంతా తన అనుభవం సాగిందని తానే రుజువు చేసుకోవాలి అన్నది తీర్పు సారం. నేటికీ సర్కారు మీద అనుభవ హక్కు దావాల్లో ఈ తీర్పును చూపిస్తారు. గడువు మాత్రం 1963 లిమిటేషన్ చట్టంతో 30 ఏళ్లకు తగ్గింది.

శివాయి జమా రశీదులు ఉన్నాయి. అవి పట్టాతో సమానమా?

కావు. అనుమతి లేకుండా సర్కారు భూమి సాగు చేసినవాడి మీద వేసే శిస్తే శివాయి జమాబందీ. 1905 నాటి మూడవ చట్టం, అంటే భూ ఆక్రమణ చట్టం కింద శిస్తుతో పాటు జరిమానా కూడా వేయవచ్చు. శిస్తు నిర్ణయించిన తరగతి భూమి అయితే ఏడాది శిస్తుకు పది రెట్ల దాకా, ఆ లెక్క ఐదు రూపాయలు దాటకపోతే ఐదు దాకా. శిస్తు నిర్ణయించని భూమి, ఉదాహరణకు పోరంబోకు అయితే, ఇరవై రెట్లు లేదా పది రూపాయల దాకా. అర ఎకరానికి శిస్తు రెండు రూపాయలనుకుందాం. మామూలు బంజరుకు జరిమానా 20 రూపాయలు మించదు, కాలువ గట్టుకైతే 40 దాకా పోవచ్చు. కరణం దీన్ని బి-మెమోలో రాసేవాడు. ఆరో సెక్షన్ కింద పంటతో సహా ఖాళీ చేయించవచ్చు, కాని ఏడో సెక్షన్ నోటీసు ముందు ఇవ్వాలి. నోటీసు లేకుండా ఖాళీ చేయించిన కేసులు కోర్టులో నిలవవు.

జరిమానా నామమాత్రంగా వేస్తూ పదేళ్లు ఊరుకున్నారంటే దరఖాస్తు ఇస్తే పట్టా వచ్చే భూమి అని అర్థం చేసుకోవచ్చు. గరిష్ఠ జరిమానా వేస్తూ పోయారంటే ఎప్పటికీ ఇవ్వని భూమి. రశీదు మీద అంకె చూస్తే ఈ తేడా తెలుస్తుంది.

పోరంబోకును వేలం వేసే అధికారం కలెక్టరుకు ఉండేదా?

పోరంబోకుగా ఉన్నంతకాలం లేదు. డొంక, మందబయలు, శ్మశానం, చెరువు, కాలువ గట్టు ఊరి అవసరానికి వదిలినవి. ముందు ఆ అవసరం లేదని తేల్చి, పోరంబోకు నుంచి బంజరు తరగతికి మార్చాలి. ఆ తర్వాతే దరఖాస్తో వేలమో. తరగతి మార్చిన ఉత్తర్వు లేకుండా ఇచ్చిన పట్టా నేటికీ రద్దవుతోంది.

సర్కారులో సర్కారుకే ఇక్కడ గొడవ. కాలువ గట్టు వెడల్పుగా ఉంటే రెవెన్యూవాళ్లకు అది వృథా నేల. ఇంజనీర్లకు పూడిక తీసి పోయడానికీ, గండి పడితే మట్టి తీయడానికీ అది కావాలి. సర్వే రాళ్లు పాతింది ఒక శాఖ, గట్టు కాపాడేది మరో శాఖ. రెండు పటాలూ తెప్పించి పక్కపక్కన పెట్టి చూస్తేగాని డ్రెయిను పక్క భూముల వివాదం తెగదు.

జమీందారు మా తాతకు బంజరు అమ్మాడు. చెల్లుతుందా?

తేదీ చూడండి. 1948 నాటి 26వ చట్టం, అంటే ఎస్టేట్ల రద్దు చట్టంతో ఎస్టేట్లు సర్కారుకు దఖలు పడ్డాయి. ఆ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, 1945 జూలై 1 నాడు గాని ఆ తర్వాత గాని జమీందారు స్వాధీనం చేసినవాడికి రైత్వారీ పట్టా హక్కుగా రాదు, సర్కారు అన్నీ పరిశీలించి వేరుగా చెబితే తప్ప. రద్దు వస్తుందని తెలిసి కొందరు జమీందార్లు చెరువులు, తోపులు, మందబయళ్లు తెగనమ్మేశారు. ఈ తేదీ పెట్టింది ఆ అమ్మకాలను దృష్టిలో పెట్టుకునే. పాత తేదీ వేసిన కాగితాలు అప్పుడు కుప్పలుగా పుట్టాయి. కాబట్టి కాగితం ఒక్కటే చాలదు, 1945కు ముందటి ఎస్టేటు శిస్తు రశీదు కూడా కావాలి.

ఈసీలో (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో) ఆ అమ్మకం కనబడటం లేదు. దొంగ కాగితమా?

అలా అనుకోనక్కర్లేదు. సర్కారు ఇచ్చే సనదులు, ఇనాం టైటిల్ డీడ్లు, పట్టాలు రిజిస్ట్రేషన్ చట్టం 90వ సెక్షన్ కింద రిజిస్టరు చేయించనక్కర్లేదు. రెవెన్యూ వేలం సేల్ సర్టిఫికెట్‌కూ ఆ అక్కర లేదు. దాని నకలు మాత్రం సబ్ రిజిస్ట్రారుకు పంపాలి, అది ఒకటో పుస్తకంలో ఫైలవుతుంది. పంపకపోతే ఈసీలో ఉండదు. అప్పుడు తాలూకా వేలం రిజిస్టరులోనూ ఆ ఏటి జమాబందీ లెక్కల్లోనూ వెతకాలి. సర్కారు ఇచ్చిన భూమికి ఆస్తి బదిలీ చట్టం వర్తించదని, 2018లో రద్దయ్యేదాకా 1895 నాటి గ్రాంట్ల చట్టం చెప్పేది. దాని కింద, గ్రాంటులో ఏ షరతు రాస్తే అదే శాసనం.

మా ఊరి పాత రికార్డు ఏ జిల్లాలో వెతకాలి?

సంవత్సరాన్ని బట్టి. 1859కి ముందు రాజమండ్రి జిల్లా, మచిలీపట్నం జిల్లా. 1859లో గోదావరి జిల్లా ఏర్పడింది. 1904లో ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం వైపు కృష్ణా జిల్లాకు పోయాయి. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడింది. కాబట్టి భీమవరం పక్క ఊరి 1910 నాటి ఫైలు కాకినాడలో దొరకదు, అది మచిలీపట్నం కాగితం. 2022 విభజన తర్వాత పాత ఫైళ్లు ఏ కలెక్టరేటులో ఉన్నాయో ముందు ఫోను చేసి కనుక్కుని బయలుదేరండి. రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఆర్‌ఎస్‌ఆర్‌లో (రీసెటిల్‌మెంటు రిజిస్టరులో) పేరు బదులు చుక్కలున్నాయి. సర్కారు భూమి అనేనా?

కాదు. రీసెటిల్‌మెంటు, అంటే శిస్తు మళ్లీ నిర్ణయించిన రోజున ఎవరూ ముందుకొచ్చి చెప్పుకోకపోతే పట్టాదారు గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. సర్కారుదైతే సర్కారుదనే రాసేవారు. 2017లో ఈ చుక్కల భూముల కోసం రాష్ట్రం ప్రత్యేక చట్టం చేసింది. పన్నెండేళ్ల అనుభవానికి కాగితాలతో అర్జీ పెట్టుకునే వీలు ఆ చట్టం ఇచ్చింది.

డి-పట్టా భూమి అమ్మకూడదంటారు. అన్నిటికీనా?

ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18 నాటి 1142 నంబరు జీవోతో అమ్మకూడదన్న షరతు సాధారణమైంది. అంతకుముందటి పట్టా అయితే కాగితం మీద ఆ షరతు రాసి ఉందా లేదా అన్నదే ముఖ్యం. ఆ తర్వాతి వాటికి 1977 నాటి 9వ చట్టం, అంటే అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వర్తిస్తుంది. పాత పట్టాను కూడా కంప్యూటరులో "అసైన్డ్" అని ఎక్కించి, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22-ఏ జాబితాలో పెట్టిన చోట, అసలు పట్టా తేదీ చూపించి తీయించుకోవచ్చు. తేదీ ఉన్న మూలకాగితం లేకపోతే ఏటి వారీ దరఖాస్తు రిజిస్టరు నకలు అడగండి.

పాత పాట కాగితాన్ని ఎలా చదవాలి?

ఉదాహరణకు ఇలాంటి వాక్యం తీసుకుందాం: "గవర్నమెంటు లంక య 6-40 శెంట్లు ఫసలీ 1331 లగాయతు 1333 వరకు హెచ్చు పాట." యకారం ఎకరాలకు గుర్తు, కాబట్టి ఆరు ఎకరాల నలభై సెంట్లు. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జూలై 1న మొదలై జూన్ 30కి ముగుస్తుంది. 1331 అంటే 1921 జూలై నుంచి 1922 జూన్. "లగాయతు... వరకు" అన్న రెండు మాటలతోనే ఇది కౌలు అని తేలిపోయింది. మూడు ఫసలీలు, 1924 జూన్ 30తో సరి. ఇదే చోట "శాశ్వతంగా", "పట్టా", "సేల్ సర్టిఫికెట్" అన్న మాటలుంటే కథ వేరు.

తర్వాత హద్దులు చదవండి. నాలుగు దిక్కుల్లో ఏదైనా "ఏరు" అని ఉంటే విస్తీర్ణాన్ని నమ్మకండి, అది పాట నాటి కొలత. సర్వే నంబరు ఉంటే పాత నంబరుకు ఇప్పటి నంబరు ఏదో చూసుకుని ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) తెప్పించండి. రీసర్వే అయిన ఊళ్లో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు దాకా రావాలి. ఆపై గ్రామ లెక్కల్లో అడంగల్, 10(1) అనే పట్టాదారుల ఖాతా, నేటి 1-బి వరసగా పెట్టి, పేరు ఏ ఏట మారిందో గీత గీయండి. మారిన ఏటికి ఉత్తర్వు నంబరు లేకపోతే మీ కేసులో బలహీనమైన చోటు అదే. అవతలివాడు అక్కడే పట్టుకుంటాడు, మీరే ముందు పట్టుకోండి.

యానాంకూ ఇవే వర్తిస్తాయా?

వర్తించవు. యానాం ఫ్రెంచివారి చేతిలో ఉండేది, మద్రాసు చట్టాలు అక్కడ నడవలేదు. కాకినాడలోని జగన్నాథపురం డచ్చివారిదే అయినా 1825లో ఇంగ్లీషువారికి వచ్చింది, అప్పటినుంచి అక్కడ మద్రాసు లెక్కే.